తెరచాపకు రెండువైపులా ఉప్పు

"ఒక్కరు నడిపే పడవ కాదది. ఇద్దరు లేకుంటే ఒడ్డు దాటదు. దాటినా తిరిగి రాదు. ఇంతకంటే ఏం చెప్పాలె నీకు?"

గంగాప్రసాద్ బల్ల మీద పరిచిన సముద్రపు మ్యాపును అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు. రెహానా తన గడియారం చూసుకుంది. మూడు గంటల ఐదు నిమిషాలు. బయట మసీదులో సాయంత్రపు నమాజుకు పిలిచే అసర్ బాంగు మొదలైంది.

గంగాప్రసాద్ ఆ సెయిలింగ్ క్లబ్బుకు భద్రతాధికారి. దోహాకు రాకముందు హైదరాబాద్ పోలీసుల్లో పద్దెనిమిదేళ్ళు పనిచేశాడు. రెహానా నంద్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, పడవల ఇన్సూరెన్స్ కంపెనీలో దర్యాప్తు ఉద్యోగం చేస్తోంది. ఇంతకుముందు రెండు కేసుల్లో అతని రిపోర్టు తప్పని ఆమె తేల్చింది. ఆ రెండూ అతను మర్చిపోలేదు.

"శవం దొరకకముందే ఇన్సూరెన్సోళ్ళు వచ్చిండ్రు. మంచిగుంది" అన్నాడు.

"కంపెనీ పని మీద రాలేదు ప్రసాద్ గారూ. సుబ్బారావు గారు పంపితే వచ్చాను."

సుబ్బారావు ఇంజనీరు. ఈరోజు ఎనభై కిలోమీటర్ల అవతల దుఖాన్‌లో డ్యూటీలో ఉన్నాడు. ఆయన కూతురు భరణికి ఇరవై మూడేళ్ళు, ఈ క్లబ్బు తరఫున పడవ పందేలకు వెళ్తుంది. రెండూ ఇరవైకి ఆయన రెహానాకు ఫోన్ చేశాడు. ఆయన గొంతు వణకలేదు. అందుకే ఆమెకు భయం వేసింది. "దుమ్ముతుఫానులో కారు కదలడం లేదమ్మా. నేను చేరేసరికి ఐదవుతుంది. మా లూర్దమ్మ నా కూతురు బతికే ఉందంటోంది. అక్కడ ఆమె మాట ఎవరూ వినడం లేదు. నువ్వు విను" అన్నాడు.

"మొదటినుంచి చెప్పండి" అంది రెహానా.

"పదకొండూ ఇరవైకి పడవ పోయింది. రిజిస్టరుల రెండు పేర్లు. భరణి, మనీషా. మనీషా జ్వరంతో ఇంట్లనే ఉన్నది, నేను ఫోన్ చేసి కనుక్కున్న. అంటే రెండో మనిషి ఎవరో దొంగపేరు మీద ఎక్కిండ్రు. ఒంటిగంటా యాభైకి పడవ వాపసొచ్చింది. భరణి లేదు. ఐదు నిమిషాలకు దానియేలుగాడు, మా పడవలు కడిగేటోడు, ఉరుక్కుంట వచ్చిండు. ఒక ఆడమనిషి ఒక్కతే పడవ తెచ్చిందంట. ఎవరని చూస్తే సుబ్బారావు సార్ ఇంట్ల వంటామె, లూర్దమ్మ!"

"ఆవిడేమంది?"

"భరణి గీ ఇసుకదిబ్బ మీదున్నదంట, కాలు విరిగి." అతని వేలు మ్యాపు మీద ఆగ్నేయంగా జరిగి, ఒక చిన్న పసుపు మచ్చ దగ్గర ఆగింది. "ఐదు కిలోమీటర్లు. గాలి వాయవ్యం నుంచి కొడుతున్నది. అక్కడినుంచి ఇక్కడికి రావాలంటే గాలికి సూటిగ ఎదురు రావాలె. పందేలు గెలిచిన పిల్లలు ఇద్దరు కలిసి వస్తేనే చేతులు పడిపోతయి. వంటామె ఒక్కతే వచ్చిందంటే నమ్మాల్నా?"

"మరి మీరేమనుకుంటున్నారు?"

"పడవల పోయింది భరణి, దానియేలు. అలల అడ్డుగోడ దాటంగనే పిల్ల నీళ్ళల్ల పడ్డది. వీనికి భయమైంది. రెండొందల మీటర్లు ఎట్లనో కొట్టుకొచ్చిండు. వంటామె వీని చర్చి మనిషి. వీన్ని కాపాడనీకి కథ అల్లింది. గోడ దగ్గర గాలిస్తున్నరు. సాయంత్రానికి దొరుకుతది."

కిటికీ దగ్గర నిలబడిన గాలింపు అధికారి ఇటు తిరిగాడు. ఖతరీ మనిషి, నెమ్మదైన ఇంగ్లీషు. ఇద్దరూ తెలుగులో మాట్లాడుకుంటున్నా, మ్యాపు మీద వేలు ఎక్కడ ఆగిందో చూశాడు.

"ఆ ఇసుకదిబ్బ ఎప్పుడు మునుగుతుంది?" అని ఆయన్ని అడిగింది రెహానా.

"పూర్తి పోటు ఐదూ ఇరవై ఐదుకి. దిబ్బ మీద నీళ్ళు నాలుగుంబావుకి ఎక్కుతాయి. నాలుగూ నలభై ఐదుకి మనిషి నిలబడలేదు."

"ఒక పడవను అటు పంపలేరా?"

"నా దగ్గర రెండే ఉన్నాయి. దుమ్ములో హెలికాప్టర్ లేవదు. గోడ దగ్గర నా మనుషులు నీళ్ళ అడుగున ఉన్నారు, పైన పడవ లేకుండా వాళ్ళని వదలలేను. పిల్ల ఇక్కడే ఉంటే, పడవ తీసినందుకు నేనే ఆమెను చంపినట్టు. ఒక కారణం తెచ్చివ్వు. ఒక పడవ ఇస్తాను."

దిబ్బ దాకా చేరడానికి పదిహేను నిమిషాలు. రెహానా లెక్క వేసుకుని బయటికి నడిచింది.

*

దానియేలు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి, ఆరడుగుల మనిషి. పక్కన ఒక కాపలావాడు. దానియేలు అరచేతిలో రెండు నల్లటి మూతలు పెట్టుకుని, ఒకదాని మీద ఒకటి పెడుతూ తీస్తూ ఉన్నాడు.

"ఏ ఊరు మీది?"

"బద్వేలు పక్కన మేడమ్."

"నంద్యాల దగ్గర మాది."

అతను తలెత్తాడు. "అయితే అక్కా, నువ్వే చెప్పు. బోరు నీళ్ళు పట్టుకుని బతికే ఊరు మాది. సముద్రంలో పడవ నడిపినానంట! ఏడేండ్లు పనిచేస్తన్నా ఈడ, మోకాలు దాటి దిగిందే లేదు. నాకు ఈత గూడా రాదు."

"మరి ఇక్కడ ఏం చేస్తారు?"

"పడవలు కడిగేది, తాళ్ళు చుట్టేది, ట్రాలీ తోసేది."

"చేతిలో అవేంటి?"

"ఇవా? పడవ ఎనకపక్క మూతలు. ఒడ్డుకు వస్తానే ముందు ఇవే పీకుతాను. అడుగున డొల్లగా ఉంటాది గదా, అందులో చేరిన నీళ్ళు కారిపోవాల. మళ్ళీ దించేటప్పుడు పెడతాను. యాడన్నా పోతాయని జేబులోనే ఏసుకుంటాను."

"పడవ కడిగారా?"

"లేదక్కా. మంచినీళ్ళు పట్టకుండా ఒక్కనాడు వదల్లేదు నేను. ముట్టుకుంటే చేతులిరుగుతాయని ప్రసాద్ సారన్నాడు. తెరచాప గూడా తడితోనే కిందికి దించి పడేసినాను."

"వచ్చేటప్పుడు మీరు చూసింది చెప్పండి. అనుకున్నది వద్దు, చూసింది."

దానియేలు మూతలు ఆడించడం ఆపాడు.

"ముందు చాప కనపడినాది దుమ్ములో. పడవ ఒక పక్కకి ఒరిగిపోయి ఉండాది. పడవలో ఎవురూ లేరు. ఎవురూ లేని పడవ ఎట్లా వస్తాదబ్బా అనుకున్నా. తర్వాత చూస్తే మనిషి బయట ఉండాది అక్కా. అంచు మీద కాళ్ళు పెట్టి, నడుముకి తీగ తగిలించుకుని, నీళ్ళ మీద ఎల్లకిలా పడుకున్నట్టు ఉండాది. అట్లా ఏలాడే మనిషి ఒకరు, లోపల చుక్కాని పట్టుకునే మనిషి ఒకరు. నేను ఏడేండ్లుగా చూస్తాండేది అదే. లోపలి మనిషి లేదు. ప్రభువా అనుకున్నా."

వెనకనుంచి గంగాప్రసాద్ నవ్వు వినిపించింది. "ప్రభువు నడిపిండేమోరా, అడుగు!"

"నడిపినా నడిపి ఉంటాడు సార్" అన్నాడు దానియేలు నెమ్మదిగా. "నేను మాత్రం నడపలేదు."

*

ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో బెంచీ చివర కూర్చుని ఉంది లూర్దమ్మ. ముప్పై ఎనిమిదేళ్ళు. ఐదడుగులు కూడా లేదు. చుడీదారు మీద మనీషా నడుంపట్టీ ఇంకా కట్టుకునే ఉంది. ముందర ఇనుప కొక్కెం వేలాడుతోంది. రెహానా లోపలికి రాగానే లేచి నిలబడింది.

"పడవెళ్ళిందా అమ్మా?"

"ఇంకా లేదక్కా. నాకు చెప్పు, నేను వెళ్ళి అడుగుతాను."

"అయ్యో, ఎన్నిసార్లు చెప్పనండీ!" అని కూలబడింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ముడిచింది. ముడిచేలోపు రెహానా చూసింది. అరచేతుల చర్మం అడ్డంగా లేచిపోయి ఉంది.

"నీకు పడవ నడపడం ఎలా వచ్చు?"

లూర్దమ్మ తలుపు వైపు చూసింది. "మాది వాడరేవు అవతలండి. మా నాన్నకి మగపిల్లలు లేరు. తోడు మనిషి దొరక్కపోతే తెప్ప ఒడ్డునే ఉండిపోయేది. ఆడది తెప్ప ఎక్కితే మావోళ్ళు ఊరుకోరండి, వల ముట్టనివ్వరు. అందుకని నాన్న తన చొక్కా తొడిగి, తలకి తువ్వాలు చుట్టి, తెల్లారగట్ల తీసుకెళ్ళేవాడు. పదకొండో ఏట నుంచి ఏడేళ్ళు వెళ్ళా. పెళ్ళయ్యాక కాలు పెట్టలేదు. మా ఆయనక్కూడా తెలీదు."

"భరణికి ఎలా తెలిసింది?"

మొదటిసారి ఆమె ముఖంలో నవ్వులాంటిది కదిలింది, పెదవుల చివర పగుళ్ళు కనిపించాయి. "పాప ఫోన్లో పందెం చూస్తా అరుస్తుంటే, నేను చపాతీలు తెచ్చిపెడతా 'చాప వదలమను, మునుగుతాడు' అన్నా. వాడు మునిగాడు. ఇక పాప నన్నొదల్లేదండి. 'లూర్దత్తా, నువ్వు రా, మనీషాకి బాగోనప్పుడు నువ్వు రా' అని. శుక్రవారం నాకు సెలవు కదా. ఇవాళ్టితో మూడోసారి."

"దిబ్బ దగ్గర ఏం జరిగింది?"

"అడుగు ఇసుకకి తగిలి పడవ టక్కున ఆగిపోయింది. పాప కాలు లోపలి పట్టీలో ఇరుక్కుంది, మనిషి అటు పడింది. మోకాలి కింద ఎముక…" చేత్తో వంకర చూపించింది. "ఎత్తి ఇసుక మీద పడుకోబెట్టా. ఫోన్ సముద్రంలో పోయింది. పాపే అందండి, నన్నేసుకుని ఎదురుగాలికి ఎక్కలేవు అత్తా, ఒక్కదానివే పో అని. నా లైఫు జాకెట్టు కూడా పాపకే తొడిగా, నీళ్ళొస్తే తేలాలని."

"జాకెట్టు లేకుండా వచ్చావా?"

"నాన్నెప్పుడన్నా జాకెట్టు వేసుకున్నాడా ఏంటండి?" అని, వెంటనే ముఖం మాడ్చుకుంది. "అసర్ బాంగు వినపడేలోపు వస్తానని మాటిచ్చానమ్మా. బాంగు అయిపోయింది. నేనే తెచ్చానంటే ఆ సారు నవ్వాడు. నువ్వు నమ్ముతున్నావా?"

రెహానా చూపు లూర్దమ్మ పాదాల మీద ఉంది. చెప్పులు లేవు. రెండు పాదాలకూ బొటనవేలికీ పక్క వేలికీ మధ్య చర్మం ఎర్రగా కందిపోయి, తాడు వరుసుకున్న గీత ఉంది.

"పావుగంట ఇవ్వక్కా" అంది.

"పోటుకి చెప్పండమ్మా ఆ మాట" అంది లూర్దమ్మ.

*

మూడూ ఇరవై ఐదు. పడవ నీటి అంచున, వాలుదారి మీద, ట్రాలీలో ఉంది. సన్నగా, తెల్లగా, రెండు మంచాల పొడవు కూడా లేదు. రెహానా దాని చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగింది. ఏదీ ముట్టుకోలేదు. పక్క షెడ్డులో క్లబ్బు రక్షణ బోటు ఇంజను విప్పి ఉంది, దాని చీటీ మీద నిన్నటి తేదీ.

చుక్కాని కట్టె చివర తెడ్డు కర్రను జోడించి ఉంది. సన్న తాడుతో పది చుట్లు, చివర ఒకే ముడి, చదునుగా.

"ఈ ముడి మీరు వేస్తారా?"

దానియేలు వంగి చూశాడు. "ఇట్లాంటి ముడి ఈడ ఎవురూ ఎయ్యరక్కా. కట్టెకి తెడ్డు ఎందుకు కట్టినారబ్బా?"

బయట వేలాడే మనిషికి కట్టె అందదు కాబట్టి. రెహానా ఆ మాట పైకి అనలేదు. స్తంభం పైనుంచి రెండువైపులా దిగిన ఉక్కుతీగలను చూసింది. నడుము కొక్కేనికి తగిలించే రింగును పొట్టికీ పొడుగుకూ తగ్గట్టు జరుపుకోవచ్చు. కుడి తీగ రింగు ఎంత ఎత్తున ఉందో, ఎడమ తీగదీ అంతే ఉంది.

"దానియేలు గారూ, అంచెక్కి నడుముకి ఈ రింగు తగిలించుకున్నట్టు నిలబడండి."

"పడతానేమో అక్కా!"

"ట్రాలీ మీదుంది, పడరు."

అతను భయంభయంగా ఎక్కాడు. రింగు అతని నడుముకు జానెడు కింద, తొడ దగ్గర ఆగింది. కాళ్ళు చాచి బయటికి వాలితే తీగ అతన్ని పట్టదు. ఐదడుగుల లోపు మనిషికే అది నప్పుతుంది.

పడవ ముందుభాగంలోని చిన్న తెరచాప తాళ్ళు రెండిటినీ ఒకదానికొకటి ముడివేసి, పడవ అంచు వెంబడి లాగి పెట్టారు. రెహానా ఆ తాడు దగ్గర తన పాదం పెట్టి చూసింది. ఒక చేతిలో చుక్కాని. రెండో చేతిలో పెద్ద తెరచాప తాడు. మూడో తాడుకి చెయ్యి లేదు.

బొటనవేలికీ పక్క వేలికీ మధ్య గీత. ఈ మనిషి నీళ్ళ మీద వెల్లకిలా వేలాడుతూ, మూడో తాడును కాలివేళ్ళతో పట్టుకుంది.

"పెద్ద తెరచాప పైకెత్తండి" అంది.

"సారు తిడతాడు."

"నా మీద చెప్పండి."

దానియేలు తాడు లాగాడు. తెరచాప గాలికి టపటప కొట్టుకుంటూ స్తంభం మీదికి ఎక్కింది. అతను తాడును బిగించి కట్టాడు. చాప అప్పటికే ఆరిపోయింది. రెహానా రెండడుగులు వెనక్కి వేసి చూసింది. తర్వాత పడవ చుట్టూ తిరిగి అవతలివైపు చూసింది. మళ్ళీ ఇటు వచ్చింది.

చాప కింది భాగంలో తెల్లటి ఉప్పు మరకలు. చుక్కలు కావు. చేత్తో నీళ్ళు చిమ్మితే గోడ మీద పడే వంకర గీతల్లాంటివి, ఒకదాని మీద ఒకటి, పది, పదిహేను, ఇరవై.

"తెరచాప మీద ఎవరైనా నీళ్ళు చల్లుతారా?"

"యాడన్నా చల్లుతారా అక్కా! ఉప్పు పట్టి పాడైపోతాదని సార్లు అరుస్తారు."

"అవతలివైపు కూడా ఇలాగే ఉంది."

"అవును. రెండుపక్కలా." దానియేలు చాపను వేలితో తడిమాడు. "ఎంత పిచ్చిపని! ఎవురు చేసినారో?"

రెహానా ఆఫీసు వైపు పరుగెత్తింది. ఆడవాళ్ళ గది ముందునుంచి వెళ్తుంటే తలుపు సగం తెరిచి ఉంది. గుమ్మంలో నిలబడ్డ లూర్దమ్మ రెహానా వైపు చూడలేదు. ఎత్తిన తెరచాప వైపు చూస్తోంది.

*

"ఉప్పు మరకలా?" గంగాప్రసాద్ రెండు చేతులూ ఎత్తాడు. "సముద్రంల పోయిన పడవకు ఉప్పు గాక చక్కెర అంటుతదా?"

"అల చిమ్మితే ముందునుంచి పడుతుంది, చుక్కలు చుక్కలుగా. ఇవి చుక్కాని దగ్గర వేలాడే మనిషి చేతినుంచి పడ్డాయి. ఒంటిచేత్తో నీళ్ళు తీసి చాప మీద కొట్టింది." రెహానా అధికారి వైపు తిరిగి ఇంగ్లీషులోకి మారింది. "మా తీరంలో తెప్పలకు నూలు చాపలుండేవి. పొడి నూలులోంచి గాలి దూరిపోతుంది. తడిపితే దారాలు ఉబ్బి గాలిని పట్టి ఉంచుతాయి. అందుకని మా జాలర్లు పోతూపోతూ చాపకు నీళ్ళు కొడతారు. ఇది ప్లాస్టిక్ చాప. నీళ్ళు కొట్టినందువల్ల లాభం లేదు. ఈ క్లబ్బులో నేర్చుకున్నవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. తెప్ప మీద పెరిగిన మనిషే, అలవాటు కొద్దీ, తెలియక చేసింది."

అధికారి చేతులు కట్టుకున్నాడు. "మా తాత కూడా కొట్టేవాడు. ముత్యాల పడవ మీద. చెప్పు."

"చుక్కాని మనిషి ఎప్పుడూ గాలి వచ్చేవైపే ఉంటుంది. కాబట్టి చాపకు గాలి తగిలేవైపే నీళ్ళు పడతాయి. అవునా?"

"అవును."

"మరకలు రెండువైపులా ఉన్నాయి. రెండు తీగల రింగులూ పొట్టి మనిషికి సరిపడా ఉన్నాయి. అంటే పడవను ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పుకుంటూ వచ్చింది. గాలికి ఎదురు వచ్చేవాళ్ళే అలా వస్తారు. గోడ దగ్గరినుంచి రెండొందల మీటర్లు కొట్టుకొస్తే అన్నిసార్లు నీళ్ళు కొట్టడానికి టైమెక్కడిది? ఒక చేతిలో చుక్కాని, ఒక చేతిలో పెద్దతాడు, కాలివేళ్ళతో మూడోతాడు. ఆమె పాదాలు చూడండి, అరచేతులు చూడండి. గంటకు పైగా తాడు పట్టుకుంటే తప్ప అలాంటి పుళ్ళు పడవు."

"నీళ్ళు కొట్టనీకి చెయ్యేడుంది మళ్ళ?" గంగాప్రసాద్ టక్కున అందుకున్నాడు.

"అదే నాకూ మొదట అర్థం కాలేదు. తాడును పళ్ళతో పట్టుకుంటే ఒక చెయ్యి ఖాళీ. పిలిచి చూడండి, పెదవుల చివర చీరుకుపోయి ఉందో లేదో. నేను చూశాను, ఉప్పుగాలికి పగిలిందనుకున్నాను."

రెహానా గంగాప్రసాద్ వైపు తిరిగింది.

"ఒకటి అడుగుతాను ప్రసాద్ గారూ. పడవలు బయటికి వెళ్ళిన రోజు క్లబ్బు రక్షణ బోటు నీళ్ళలో ఉండాలి. మీ బోటు ఇంజను నిన్ననే విప్పి షెడ్డులో పెట్టారు, నేను చూశాను. కానీ బల్ల మీదున్న ఈ రిజిస్టరులో, పొద్దున 'రక్షణ బోటు సిద్ధం' అని సంతకం ఉంది. ఎవరిది? పిల్ల గోడ దగ్గర పడితే అది ప్రమాదం. ఐదు కిలోమీటర్ల అవతల పడితే ఆ సంతకం గురించి అడుగుతారు."

గంగాప్రసాద్ ముఖంలో రక్తం తగ్గింది. "నేను కావాలని చేసిన్నా? పిల్ల చావాలని కోరుకుంటనా?" అన్నాడు. ఈసారి గొంతులో పోలీసు లేడు. "గట్ల కావద్దనుకున్న. గంతే."

అధికారి ఆయన్ని ఒక్క క్షణం చూసి, రేడియో తీశాడు. "యల్లా, కదలండి. డైవర్లను పైకి లాగండి. ఒక పడవ ఆగ్నేయపు దిబ్బకు." గోడ గడియారం మూడూ నలభై ఎనిమిది చూపిస్తోంది.

అప్పుడే బయటినుంచి కేక వినిపించింది. "అక్కా! రెహానక్కా!"

*

వాలుదారి మీద పడవ లేదు. ట్రాలీ సగం నీళ్ళలో మునిగి ఉంది. కాపలావాడు చెప్పుల్లేకుండా నీటి అంచున నిలబడి వేలు చూపిస్తున్నాడు.

మూడొందల మీటర్ల దూరంలో, గాలి వెనకనుంచి తోస్తుంటే, తెల్లటి చాప ఆగ్నేయానికి దూసుకుపోతోంది. పడవ నీళ్ళను కోసుకుంటూ పోవడం లేదు. అలల మీదినుంచి ఎగురుతున్నట్టుంది. వెనక అంచున చిన్న ఆకారం ఒకటి, వెనక్కి ఒరిగి, రెండు చేతులూ చాచి ఉంది. ఇద్దరు మనుషుల పడవలో ఒక్క మనిషి. పెద్ద గాలి వచ్చినప్పుడు పడవ ముక్కు నీళ్ళలోకి దిగబోయింది. ఆ ఆకారం ఇంకా వెనక్కి వాలింది. ముక్కు మళ్ళీ లేచింది.

గంగాప్రసాద్ ఆమె పక్కకు వచ్చి ఆగాడు. పద్దెనిమిదేళ్ళు ఎంతమంది అబద్ధాలు విన్నాడో, ఎంతమంది నిజాన్ని అబద్ధమన్నాడో. తల మీది క్లబ్బు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఒక్కతే" అన్నాడు. "నిజంగ ఒక్కతేనే."

దూరాన ఆ ఆకారం పక్కకు వంగింది. చెయ్యి నీళ్ళలో ముంచి, తీసి, చాప మీదికి విసిరింది. ఎండ దుమ్ములోంచి పసుపుగా పడుతోంది. ఆ నీళ్ళు ఒక్క క్షణం మెరిశాయి. చాపకు ఆ నీళ్ళతో పనిలేదు. అయినా ఆమె మళ్ళీ వంగి మళ్ళీ విసిరింది. ఎప్పుడో వాడరేవు దగ్గర, తండ్రి చొక్కా తొడుక్కున్న ఒక పిల్ల ఇలాగే విసిరి ఉంటుంది. ఆ పిల్లను ఆనాడు ఎవరూ చూడలేదు. ఈరోజు ఇంతమంది చూస్తున్నారు. రెహానా కళ్ళు తడిశాయి, తుడుచుకోలేదు, ఆ చాపను ఒక్క క్షణం కూడా వదలాలనిపించలేదు.

"అక్కా" అన్నాడు దానియేలు.

అతని గొంతు విని ఆమె తిరిగింది. అతను పిడికిలి ముందుకు చాచి తెరిచాడు. అరచేతిలో రెండు నల్లటి మూతలు.

రెహానాకు అర్థం కావడానికి ఒక్క ఊపిరి పట్టింది. చాప ఎత్తించింది తను. పడవను సిద్ధం చేసి పెట్టింది తను. మూతల సంగతి మాత్రం గుర్తు రాలేదు.

"తెప్పకు మూతలుండవు" అంది, ఎవరితోనో అన్నట్టు. తెప్ప అంటే కట్టిన దుంగలు. నీళ్ళు పైకొస్తాయి, సందుల్లోంచి పోతాయి, దుంగలు తేలుతూనే ఉంటాయి. అడుగున డొల్ల ఉంటుందని, దానికి వెనక రెండు రంధ్రాలుంటాయని, వాటిని మూయాలని లూర్దమ్మకు తెలియదు. ముందు మూడుసార్లూ దానియేలే మూసి పంపాడు.

"ఎంతసేపు తేలుతుంది?"

"పోయేదానికి సరిపోతాదక్కా. ఇంత జోరుగా పోతాంటే నీళ్ళు లోపలికి రావు, ఎనక్కే లాగేస్తాది." దానియేలు పెదవులు ఆరిపోయాయి. "పడవ నిలబడినాక వస్తాయి నీళ్ళు. పాపను ఎక్కించుకునేదానికి నిలబెడతాది గదా. ఇద్దరు ఎక్కి, ఎదురుగాలికి తిరిగినాక… ఆయమ్మకి జాకెట్టు గూడా లేదు."

గంగాప్రసాద్ ఆ మూతలను దానియేలు చేతిలోంచి లాక్కున్నాడు. టోపీ కింద పడింది. అధికారిని పిలవలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. గాలింపు పడవ ఆగి ఉన్న గోడ చివరికి, యాభై ఏళ్ళ పొట్టతో, బూట్లతో, రాళ్ళ మీద పడుతూ లేస్తూ పరుగెత్తాడు. "ఆగుండ్రి! నన్నెక్కించుకోండ్రి! ఆగుండ్రిరా!"

రెహానా సముద్రం వైపు తిరిగింది.

చాప ఇప్పుడు గోరంత ఉంది. దాని పక్కన ఒక మెరుపు కనిపించింది, మళ్ళీ నీళ్ళు విసిరినట్టుంది. ఆ తర్వాత దుమ్ము దిగింది. చాప, మనిషి, దిబ్బ ఉన్న దిక్కు, ఏదీ లేదు.

మూడూ యాభై ఆరు.